కొత్త నవల, పాత నవలలు: హారుకి మురకామి పాఠకుల చర్చ

“ఈయన వ్రాసిందే మళ్ళీ వ్రాస్తాడు” అనే మాట పేరుపడిన రచయితలందరి విషయంలోనూ ఎప్పుడో ఒకప్పుడు వినిపించేదే. అభిమానులు ఆ మాటను ముచ్చటగా అంటారు. గిట్టనివారు ఎత్తిపొడుపుగా అంటారు. జపాను నవలాకారుడు హారుకి మురకామిని గురించి ఈ మాట చాలాకాలంగా ఉన్నదే అయినా, 2023లో ఆయన కొత్త నవల వెలువడినప్పుడు మరింత గట్టిగా వినిపించింది. ఆ నవల నిజంగానే ఒక పాత రచనను తిరగ వ్రాసినది కావటం, ఆ సంగతిని రచయిత తానే చివరిమాటలో చెప్పుకోవటం ఇక్కడి విశేషం.

ఈ చర్చను ఆధారం చేసుకొని, ఒక రచయిత కొత్త పుస్తకాన్ని పాత పుస్తకాల పక్కన పెట్టి చదవటం ఎలాగో ఈ వ్యాసంలో వివరించదలచాము. “వ్రాసిందే వ్రాశాడు” అని తీర్పు చెప్పేముందు చూచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల వెలుపల ఉండి, కొన్ని పుస్తకాలు మాత్రమే, అవీ వరుస తప్పి చేతికందే మన విద్యార్థులకు ఇవి ప్రత్యేకంగా అవసరం.

రచయిత, ఆయన అభిమానులు

మురకామి 1949 జనవరి 12న క్యోటోలో జన్మించి, కోబే నగర పరిసరాలలో పెరిగారు. టోకియోలోని వసేడా విశ్వవిద్యాలయంలో నాటకశాఖలో చదువుకొన్నారు. రచయిత కాకముందు, 1974 నుంచి కొన్నేళ్ళపాటు, భార్యతో కలసి టోకియోలో జాజ్ సంగీతం వినిపించే చిన్న దుకాణం నడిపారు. తొలి నవల ‘హియర్ ద విండ్ సింగ్’ 1979లో ‘గున్జో’ పత్రిక కొత్త రచయితలకిచ్చే బహుమతి పొందింది. ఆ నవల ఆరంభాన్ని ఆయన మొదట తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో వ్రాసి, దానిని తిరిగి జపనీసులోకి మార్చుకొన్నారు. మాటలు తక్కువైనందువల్ల వాక్యాలు చిన్నవయ్యాయనీ, అలా తన శైలి తనకు దొరికిందనీ తరువాత వివరించారు. 1987లో ‘నార్వీజియన్ వుడ్’ లక్షల ప్రతులు అమ్ముడుపోయిన తరువాత ఆయన జపానులో ఇంటింటా తెలిసిన పేరయ్యారు.

ఆయన అభిమానులను జపానులో ‘హారుకిస్టు’లంటారు. మురకామికి మాత్రం ఆ మాటకంటె ‘మురకామి వాదులు’ అనే అర్థమిచ్చే జపనీసు మాట మేలనిపించింది. 2015లో ఆయన కొంతకాలం పాఠకుల ప్రశ్నలను ఆహ్వానిస్తే 37 వేలకు పైగా వచ్చాయి. వాటిలో మూడున్నర వేలకు పైగా ప్రశ్నలకు తానే జవాబులు వ్రాశారు. ఆయన ఒకప్పుడు దుకాణం నడిపిన సెందగయ పేటలోని దేవాలయ ఆవరణలో అభిమానులు అక్టోబరు నెలలో నోబెల్ బహుమతి ప్రకటన వినటానికి చేరటం కూడా పత్రికలలో వస్తూ వచ్చింది. 2021లో వసేడా విశ్వవిద్యాలయం ఆయన వ్రాతప్రతులకు, సేకరించిన గ్రామఫోను రికార్డులకు ఒక ప్రత్యేక గ్రంథాలయమే తెరిచింది.

పాఠకుల సంగతి ఇంతగా చెప్పటానికి కారణమున్నది. వీరు పుస్తకం చదివి పక్కన పెట్టేవారు కారు. ఏ నవలలో ఏ బావి ఉన్నది, ఏ పిల్లి తప్పిపోయింది, ఏ పాట మ్రోగింది, ఏ స్త్రీ కనిపించకుండా పోయింది అన్నది గుర్తుంచుకొని, కొత్త పుస్తకం రాగానే సరిపోల్చుకొనేవారు.

పేరులో పోయిన ఒక్క కామా

2023 ఫిబ్రవరిలో ప్రచురణకర్తలు షించోషా సంస్థవారు మురకామి కొత్త నవల రాబోతున్నదని, అది జపనీసు వ్రాతకాగితాల లెక్కలో 1200 పుటలని మాత్రమే ప్రకటించారు. పేరు చెప్పలేదు. మార్చిలో పేరు బయటపడింది. ‘మచి తో సోనో ఫుతాషికానా కబె’: తెలుగులో చెప్పాలంటే ‘పట్టణమూ దాని నిలకడలేని గోడా’. పాత అభిమానులు వెంటనే గుర్తుపట్టారు. 1980లో ‘బుంగకుకాయ్’ అనే సాహిత్య పత్రికలో మురకామి వ్రాసిన ఒక చిన్న నవల పేరు కూడా ఇదే. తేడా ఒక్కటే: 1980 నాటి పేరులో ‘పట్టణం’ తరువాత ఒక కామా ఉన్నది, 2023 నాటి పేరులో అది లేదు.

ఆ 1980 రచన సుమారు 150 వ్రాతపుటలది. అది తనకు తృప్తి కలిగించలేదని మురకామి దానిని పుస్తకంగా రానివ్వలేదు. తన రచనల సంపుటాలలోనూ చేర్చలేదు. చదవాలనుకొన్నవారు పాత పత్రిక వెతుక్కోవలసిందే. అయితే అందులోని కల్పన ఆయనను వదలలేదు. చుట్టూ ఎత్తైన గోడ, ఒకే ద్వారం, ఒక కాపలావాడు. లోపలికి వచ్చేవాడు తన నీడను బయట వదిలి రావాలి. గ్రంథాలయంలో పుస్తకాలకు బదులు పాత కలలుంటాయి. వచ్చినవాడి పని వాటిని చదవటం. అక్కడ అతనికి తోడుగా ఒక అమ్మాయి ఉంటుంది.

ఈ పట్టణాన్నే ఆయన 1985 నాటి నవలలో వాడుకొన్నారు. దాని జపనీసు పేరు ‘ప్రపంచాంతమూ హార్డ్‌బాయిల్డ్ వండర్‌లాండూ’. అందులో రెండు కథలు ఒక అధ్యాయం విడిచి ఒక అధ్యాయంగా నడుస్తాయి. ఒకటి టోకియోలో రహస్య సమాచారాన్ని సంకేతాలుగా మార్చే ఉద్యోగి కథ. వేగంగా, హాస్యంగా సాగుతుంది. రెండవది గోడలోపలి పట్టణంలో నీడ పోగొట్టుకొన్నవాడి కథ. నెమ్మదిగా, మంచు కురిసినట్లు సాగుతుంది. రెండూ ఒకే మనిషివని పాఠకుడికి క్రమంగా తెలుస్తుంది. ఈ నవలకు తనిజాకి బహుమతి వచ్చింది. మురకామి నవలలలో ఇదే మేలైనదనే అభిమానులు నేటికీ చాలామంది.

1985తో లెక్క తీరిపోయిందని అందరూ అనుకొన్నారు. ఆయన అనుకోలేదు. 2020లో, కోవిడ్ వ్యాధి వ్యాపించిన రోజుల్లో, 71వ ఏట ఆ కథను మళ్ళీ మొదలుపెట్టారు. మొదటి భాగం ముగించి, పని పూర్తయిందనుకొని కొన్ని నెలలు పక్కన పెట్టి, అది చాలదనిపించి మరి రెండు భాగాలు వ్రాశారు. మొత్తం మూడేళ్ళు పట్టింది. 2023 ఏప్రిల్ 13న పుస్తకం వెలువడింది. టోకియోలో అర్ధరాత్రి దుకాణం తెరిపించుకొని కొన్న పాఠకులున్నారు.

మూడు ముగింపులు

ఒకే పట్టణాన్ని మూడుమార్లు వ్రాసిన రచయిత మూడుమార్లూ ఒకే మాట చెప్పారా? దీనికి జవాబు ముగింపులలో దొరుకుతుంది.

1980 రచనలో కథానాయకుడు చివరకు తన నీడతో కలసి పట్టణం విడిచి బయటి లోకానికి వస్తాడు. గోడలోపల బాధ లేదు; కాని మనసూ లేదు. బాధతో కూడిన లోకమే మేలని అతని ఎంపిక. అప్పుడు రచయిత వయసు 31.

1985లో ఎంపిక మారింది. నీడ ఒక్కటే కొలనులోకి దూకి బయటపడుతుంది. అతను వెనకే ఉండిపోతాడు. ఈ పట్టణాన్ని సృష్టించింది తన మనసే కనుక ఇక్కడి మనుషులకు తాను బాధ్యుడననీ, వారిని విడిచిపెట్టి పోలేననీ అతను భావిస్తాడు. బాధ్యత పేరుతో చేసిన త్యాగమా ఇది, లేక తన కల్పనలో తానే బందీ కావటమా అన్నది పాఠకులు దాదాపు 40 ఏళ్ళుగా వాదించుకొంటున్న విషయం.

2023 నవల మొదటి భాగంలో 17 ఏళ్ళ అబ్బాయి, 16 ఏళ్ళ అమ్మాయి ప్రేమించుకొంటారు. గోడ కట్టిన పట్టణాన్ని గురించి ఆమే అతనికి చెబుతుంది. తన అసలు రూపం అక్కడున్నదనీ, ఇక్కడున్నది నీడ మాత్రమేననీ అంటుంది. ఆ తరువాత కనిపించకుండా పోతుంది. నడివయసులో అతను ఆ పట్టణం చేరుకొంటాడు. అమ్మాయి అక్కడ 16 ఏళ్ళ వయసులోనే ఉన్నది. కాని అతనెవరో ఆమెకు తెలియదు. నీడ తప్పించుకొని పోతే అతను ఉండిపోతాడు. ఇంతవరకు 1985 నాటి ముగింపే. కథ అక్కడ ఆగదు. రెండవ భాగం తెరిచేసరికి అతను బయటి లోకంలోనే ఉంటాడు. ఉద్యోగం మాని, ఫుకుషిమా ప్రాంతంలో కొండల నడుమ ఉన్న చిన్న ఊరి గ్రంథాలయంలో పనికి చేరతాడు. అక్కడి పాత గ్రంథాలయాధికారి కొయాసు మరణించినవాడని కొంతకాలానికి తెలుస్తుంది. అంతకు ముందే ఆయనతో స్నేహం కుదిరిపోయి ఉంటుంది. పుస్తకమేదైనా చదివి గుర్తుంచుకొనే మితభాషి బాలుడొకడు, కాఫీ దుకాణం నడిపే స్త్రీ ఒకామె ఇందులో వస్తారు. ఆ బాలుడు పట్టణంలోకి వెళ్ళి కలలు చదివే పని చేపడతాడు. మూడవ భాగం చివర కథానాయకుడు ఆ పనిని బాలుడికి అప్పగించి, బయట తన నీడ తనను పట్టుకొంటుందన్న నమ్మకంతో పట్టణం విడుస్తాడు.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టమవుతుంది. మొదటిది పోవటం, రెండవది ఉండటం, మూడవది ఒకరికి అప్పగించి పోవటం. యువకుడైన రచయితకు వారసుడన్న ఊహే రాలేదు; 74 ఏళ్ళ రచయిత కథలో అదే కీలకమైంది. కట్టడం అదే, గోడ అదే, కొలను అదే. అందులో నిలబడిన మనిషి మాత్రం వేరు. రచయిత జీవితకాలంలో చెప్పగల కథలు కొన్నేననీ, వాటినే రూపాలు మార్చి చెబుతాడనీ అర్జెంటీనా రచయిత బోర్హెస్ అన్న భావాన్ని మురకామి తన చివరిమాటలో గుర్తుచేసుకొన్నారు. “వ్రాసిందే వ్రాశాడు” అన్నవారికి ఆయన ముందుగా ఇచ్చుకొన్న సమాధానంగా దీనిని తీసుకోవచ్చు.

అభిమానులు విభేదించే చోట్లు

అభిమానులందరూ ఈ సమాధానంతో తృప్తిపడలేదు. వారి వాదాలు ప్రధానంగా మూడు.

మొదటిది వేగాన్ని గురించినది. 1985 నవలలో నెమ్మదిగా సాగే పట్టణం కథకు టోకియో కథ ఎదురుబరువుగా ఉన్నది. 2023 నవలలో ఆ ఎదురుబరువు లేదనీ, రెండవ భాగం సాగదీసినట్లున్నదనీ కొందరి అభ్యంతరం. ఆ చలికాలపు ఊరు, పొయ్యి దగ్గర కొయాసుతో జరిగే సంభాషణలే పుస్తకానికి ప్రాణమని మరికొందరంటారు.

రెండవది స్త్రీపాత్రలను గురించినది. అదృశ్యమయ్యే అమ్మాయి, ఆమెను వెతికే పురుషుడు, అతనికి దారి చూపటానికే ఉన్నట్లుండే మరో స్త్రీ: ఈ వరుస ‘నార్వీజియన్ వుడ్’ నుంచీ ఉన్నదే. జపాను రచయిత్రి మియెకో కవకామి, ఆయన రచనలంటే అభిమానమున్న ఆమె, 2017లో పుస్తకంగా వచ్చిన సుదీర్ఘ సంభాషణలో ఈ విషయాన్ని మురకామి ఎదుటనే లేవనెత్తారు. అభిమానమంటే తలూపటం కాదని తెలిపే మంచి ఉదాహరణ అది. 2023 నవలలో మూల ప్రేమికురాలు మళ్ళీ 16 ఏళ్ళ దగ్గరే ఆగిపోవటం చూచినప్పుడు ఆ ప్రశ్న ఇంకా తీరలేదనే మా అభిప్రాయం.

మూడవది తొలి పుస్తకంగా దీనిని చదవవచ్చునా అన్నది. ఇక్కడే అనువాదంలో చదివే మనవంటి వారి సమస్య మొదలవుతుంది.

ఏ పుస్తకం ముందు, ఏది తరువాత?

జపాను పాఠకుడికి ‘పాత పుస్తకాలు’ 1979 నుంచి వరుసగా అందినవి. ఇంగ్లీషు పాఠకుడి వరుస వేరు. మొదటి రెండు నవలల ఇంగ్లీషు అనువాదాలు 1980లలో జపానులో ఇంగ్లీషు నేర్చుకొనే విద్యార్థుల కోసం అచ్చయ్యాయి. బయటి దేశాలలో అమ్మకానికి పెట్టలేదు. ఇతర దేశాల పాఠకులకు అవి కొత్త అనువాదంలో 2015లో గాని విరివిగా అందలేదు. అంటే రచయిత తొలి అడుగులు వారికి 36 ఏళ్ళ తరువాత, ఆయన పెద్ద నవలలన్నీ చదివిన మీదట అందాయి.

వరుసతోపాటు పాఠమూ మారింది. ‘వైండప్ బర్డ్ క్రానికల్’ జపనీసులో 1994, 1995 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వచ్చింది. 1997 నాటి ఇంగ్లీషు అనువాదం ఒకే సంపుటం. నిడివి తగ్గించటానికి అనువాదకుడు జే రూబిన్ రెండవ సంపుటం చివరా, మూడవ సంపుటం మొదటా కొన్ని అధ్యాయాలు తొలగించి, కొన్నింటి వరుస మార్చవలసివచ్చింది. 1985 నవలకు 1991లో ఆల్ఫ్రెడ్ బర్న్‌బామ్ చేసిన అనువాదంలోనూ కొన్ని భాగాలు లేవు. పేరులో కూడా రెండు సగాలూ తారుమారయ్యాయి. దానికి రూబిన్ చేసిన కొత్త అనువాదం, పేరు మూలంలోని వరుసలోనే ఉంచి, 2024 డిసెంబరులో వచ్చింది. ఫిలిప్ గాబ్రియేల్ చేసిన 2023 నవల అనువాదం దానికి ఒక నెల ముందు వచ్చింది. ఇంగ్లీషులో చదివేవారికి పాత నవల, కొత్త నవల దాదాపు ఒకేసారి కొత్తవయ్యాయి.

అనువాదాన్ని మరచి వాదించుకొంటే ఏమవుతుందో జర్మనీలో 2000లో జరిగిన ఒక ఘటన చెబుతుంది. పేరుపొందిన టెలివిజన్ సాహిత్య చర్చలో మురకామి నవల ‘సౌత్ ఆఫ్ ద బోర్డర్, వెస్ట్ ఆఫ్ ద సన్’ భాషను గురించి విమర్శకులు మార్సెల్ రైష్ రనిట్స్కీ, సిగ్రిడ్ లోఫ్లర్ తీవ్రంగా తగవుపడ్డారు. లోఫ్లర్ ఆ కార్యక్రమం నుంచే తప్పుకొన్నారు. వారి చేతిలోని జర్మన్ పుస్తకం జపనీసు నుంచి కాక ఇంగ్లీషు అనువాదం నుంచి చేసినది. ఎవరి భాషను గురించి తగవు? మురకామిదా, ఇంగ్లీషు అనువాదకుడిదా, జర్మన్ అనువాదకులదా? జపనీసు మూలం నుంచి నేరుగా చేసిన జర్మన్ అనువాదం 2013లో వచ్చింది.

‘నేను’ అనే మాట ఒక్కటే కాదు

అనువాదంలో జారిపోయేదానికి ఒక్క ఉదాహరణ చాలు. జపనీసులో ‘నేను’ అనటానికి పలు మాటలున్నాయి. ‘వతాషి’ మర్యాదగా, పెద్దరికంగా ఉంటుంది. ‘బోకు’ మగపిల్లలు, యువకులు చనువుగా అనే మాట. 1985 నవలలో టోకియో ఉద్యోగి తనను ‘వతాషి’ అనుకొంటే పట్టణంలోనివాడు ‘బోకు’ అనుకొంటాడు. పుట తెరవగానే ఏ కథలో ఉన్నామో పాఠకుడికి ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట. అందుకని బర్న్‌బామ్ ఉద్యోగి కథను భూతకాలంలో, పట్టణం కథను వర్తమానకాలంలో నడిపి ఆ తేడా నిలబెట్టారు. 2023 నవలలోనూ 17 ఏళ్ళవాడు ‘బోకు’, నడివయసువాడు ‘వతాషి’.

తెలుగులోనూ ‘నేను’ ఒక్కటే. కాని ఇంగ్లీషుకు లేని ‘మనం’, ‘మేము’ అనే తేడా మనకున్నది. తమిళంలో ఉన్నది, మరాఠీలో ఉన్నది. నేటి కన్నడంలో రెండింటికీ ‘నావు’ ఒక్కటే. “పట్టణం విడిచి పోదాం” అని నీడ అన్నప్పుడు అది ‘మనం’. ఉండిపోయినవాడు పట్టణవాసులతో కలిపి తన్ను చెప్పుకొంటే అది నీడను మినహాయించిన ‘మేము’. ఈ ఒక్క మాటతో తెలుగు అనువాదకుడు ఆ విడిపోవటాన్ని ఇంగ్లీషుకంటె సూటిగా చూపగలడు. ఇక ఇద్దరు ‘నేను’లకు రెండు గొంతులు కావాలంటే, ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఒక తెలుగు ఉన్న హోసూరు, బళ్ళారి, బరంపురం విద్యార్థికి అది ఎక్కడో వెతుక్కోవలసినది కాదు.

మన ఇంటి ఉదాహరణ

తిరగ వ్రాయటం మనకు కొత్త కాదు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దానిని ఎంతో పెంచి, మార్చి రెండవ కూర్పుగా ప్రకటించారు. మధురవాణి పాత్ర విస్తరించింది, నాటకమే మరొకటైంది. మనం పాఠంగా చదివేది, గిరీశం మాటలుగా చెప్పుకొనేది 1909 నాటిది. ‘కన్యాశుల్కం’ బాగున్నదనో లేదనో అనేవారు రెండింటిలో దేనిని చదివి అంటున్నారన్న ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది. తిరగ వ్రాసినందుకు గురజాడను ఎవరూ తప్పుపట్టలేదు. రెండవ వ్రాతలో ఆయన ఏమి కనుగొన్నారన్నదే చూచారు. మురకామికీ అదే కొలత వాడాలి.

చదివే పద్ధతి

చర్చకు కూర్చునే విద్యార్థులకు మా సూచన ఇది. ముందుగా 1985 నవల, తరువాత 2023 నవల చదవండి. 1985 నవలను ఎవరి అనువాదంలో చదివారో పుస్తకం మొదటి పుటలోనే వ్రాసుకోండి. మళ్ళీ వచ్చిన వస్తువులను లెక్కపెట్టటంతో ఆగిపోవద్దు. గోడ, నీడ, గ్రంథాలయం మళ్ళీ వచ్చాయనటం పరిశీలనకు మొదటి మెట్టు మాత్రమే. వాటి మధ్య నిలబడిన మనిషి ఈసారి ఏమి ఎంచుకొన్నాడు, వెనుకటికీ ఇప్పటికీ ఆ ఎంపిక ఎందుకు మారింది అన్నది రెండవ మెట్టు. మారకుండా మిగిలినదేమిటి, అది రచయిత బలమా, బలహీనతా అన్నది మూడవది. ఈ మూడు మెట్లూ ఎక్కిన తరువాత “వ్రాసిందే వ్రాశాడు” అనాలనిపిస్తే నిస్సంకోచంగా అనవచ్చు. అప్పుడు ఆ మాట విన్నవారు ఎందుకని అడుగుతారు. చెప్పటానికి మీ దగ్గర కారణం ఉంటుంది.